ఏడో గొట్టం

ఫిబ్రవరి 4

అక్కకి,

ఇక్కడ నేనూ నా పద్నాలుగు గొట్టాలూ క్షేమం. అక్కడ నువ్వూ నీ ఆసుపత్రి దుప్పట్లూ క్షేమమనుకుంటాను. నీ ఉత్తరం పొద్దున్నే వచ్చినా సాయంత్రం దాకా చదవలేకపోయాను. గాలి లేచింది. కరెంటు ప్లాంటు బూడిద చెరువు మీద గాలి లేస్తే ఈ వీధిలో కళ్ళు తెరిచేవాడు మూర్ఖుడు, నోరు తెరిచేవాడు నేను. ఒక సుఖం ఉందిలే, ఇక్కడ ముసలితనం ఎవరికీ విడిగా రాదు. పదేళ్ళ పిల్లకీ నెత్తి తెల్లగానే ఉంటుంది.

పిచ్చుకా, అల్లుడూ మన ఇంట్లోకే కాపురానికి వస్తున్నారని రాశావు. ఇల్లు నీది, కూతురు నీది, వద్దనడానికి నేనెవర్ని? అల్లుడికి బొగ్గు బెల్టు దగ్గర ఉద్యోగం దొరకడం మంచిదే. వ్యాగన్ల నుంచి బాయిలరు దాకా బొగ్గు మోసే ఆ బెల్టు పక్కన రోజంతా నడవడమే పని. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే పెళ్ళాం గుర్తుపట్టలేనంత నల్లబడే యోగం అందరికీ పట్టదు. వెనకగది ఖాళీ చేస్తాను. అందులో నా పడక్కుర్చీ, విరిగిన గొడుగు, పోయిన బావ వెల్డింగు కళ్ళజోడు తప్ప ఏమీ లేవు. కళ్ళజోడు మాత్రం పారెయ్యను. మా ఇంజనీరు ఎదురైనప్పుడు పెట్టుకుంటాను. ఆయన చొక్కా మడతల మెరుపుని ఉత్త కళ్ళు తట్టుకోలేవు. వీధంతా ఆయన్ని ఇస్త్రీ దొర అంటారు. ఆ పేరు పెట్టిందెవరో నువ్వు ఊహించగలవు.

నీ తమ్ముడు చేసే పనేమిటని తోటి ఆడవాళ్ళు అడిగితే చెప్పలేకపోయానన్నావు. బూడిద చెరువు కట్టకి నాడి చూసే వైద్యుడని చెప్పు. నువ్వు వెళ్ళాక కట్ట ఎత్తు ఇంకో రెండుసార్లు పెంచారు. ఇప్పుడు మన పెరట్లో నిలబడి తలెత్తితే ఆకాశం సగమే. కట్ట పొడుగునా పద్నాలుగు ఇనపగొట్టాలు నిలువునా దింపారు. కట్ట లోపల నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో వాటిలో తెలుస్తుంది. తాడు చివర చిన్న ఇత్తడి గిన్నెని బోర్లా కట్టి వదలాలి. నీళ్ళు తగలగానే ‘బుళుక్’మంటుంది. అప్పుడు తాడు మీద కొలత చూసి రిజిస్టరులో రాయాలి. నీళ్ళు ఎంత కింద ఉంటే కట్ట అంత గట్టి. పైకి వస్తున్నాయంటే కట్ట లోలోపల నానుతోందన్నమాట.

ఇది నీ ఒక్కదానికే చెబుతున్నాను. మొదటి రెండు నెలలూ నిజంగానే కొలిచాను. ఎప్పుడూ తొమ్మిది మీటర్లు, లేదా తొమ్మిదింబావు. రోజూ అదే అంకె కోసం ఎండలో అంత దూరం నడవడం ఎందుకు? ఆరేళ్ళుగా పంపుషెడ్డులో కూర్చునే రాస్తున్నాను. ఒకరోజు రెండు సెంటీమీటర్లు పెంచుతాను, మర్నాడు ఒకటి తగ్గిస్తాను. వాన పడ్డ వారం కాస్త ఎక్కువ జరుపుతాను. అబద్ధానికీ ఒక పనితనం ఉంటుందక్కా. కిందటి నెల ఇస్త్రీ దొర నా రిజిస్టరు నలుగురికీ చూపించి, “కొలతంటే ఇదీ!” అన్నాడు. ప్రతి పేజీ అడుగునా ఆయన సంతకమే. నేను తల వంచుకున్నాను. వినయంతో కాదు, నవ్వాపుకోలేక.

నీ తోకలేని
తమ్ముడు


ఫిబ్రవరి 15

తమ్ముడికి,

తోక లేదని నువ్వనుకుంటున్నావు. వీధికి అడ్డంగా పరిచి ఉంటుంది, వచ్చేపోయేవాళ్ళంతా తట్టుకుని పడతారు.

ముందే చెబుతున్నాను. ఈసారి దయ్యాలు ఉండకూడదు. కిందటిసారి వెనకగది అద్దెకిస్తే, ఒళ్ళంతా బూడిద పూసుకుని పట్టపగలు కిటికీలో నిలబడిందెవరో నాకు తెలుసు. ఆ టైలరూ భార్యా కుట్టుమిషను కూడా వదిలేసి పారిపోయారు. అంతకుముందు వచ్చినవాళ్ళకి బావిలోంచి మూలుగులు వినిపించాయి. ఇల్లంతా నీ ఒక్కడికే కావాలి, కాళ్ళు చాపుకోవడానికి. అద్దెకున్నవాళ్ళని తరిమితే ఊరుకున్నాను. నా కూతురి జోలికొస్తే ఊరుకోను.

పిచ్చుకకి ఆరో నెల. రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పింది. మామయ్యని వెంటబెట్టుకుని నడవమన్నాను. దానికి నువ్వంటే చిన్నప్పటినుంచీ పిచ్చి. దాని ముందు తిక్కతిక్కగా మాట్లాడకు.

రిజిస్టరు సంగతి చదివి నాకు నవ్వు రాలేదు. ఇక్కడ నేను రోజుకి రెండొందల దుప్పట్లు జాడిస్తాను. మూడుసార్లు నీళ్ళు మార్చాలి, ఆఖరి నీళ్ళు తేటగా రావాలి. రెండుసార్లతో సరిపెడితే అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ దుప్పటి మీద పడుకునేది ఒంటి నిండా పుండ్లున్న మనిషి. అది తలుచుకుంటే చేతులు వాటంతటవే మూడోసారి ముంచుతాయి. నీకు అలా తలుచుకోవడానికి ఎవరూ లేకపోయారు, అదే నీ జబ్బు. ఇప్పుడు ఉంది. నా కూతురు ఆ కట్ట కింద పడుకోబోతోంది. వారానికి ఒక్కసారైనా ఆ గిన్నెని నీళ్ళకి చూపించు.

నడుం నొప్పిగానే ఉంది. మందు రాసుకుంటున్నాను. నాలుగు గంటల కూత వేశారు, వెళ్ళాలి.

అక్క


మార్చి 1

అక్కకి,

పిచ్చుక వచ్చి తొమ్మిది రోజులైంది. ఇల్లు ఇల్లులా ఉంది, అంటే నా కుర్చీ ఎక్కడుందో నాకే తెలియడంలేదు. అల్లుడు మంచివాడే. ఉదయం తెల్లగా వెళ్ళి సాయంత్రం నల్లగా వస్తాడు. మాటలు మాత్రం రేషను కార్డు మీద ఇచ్చినట్టు కొలిచి మాట్లాడతాడు.

నీ మాట విన్నాను. విన్నానంటే నేను వినలేదు, నీ కూతురు వినిపించింది. నడక వంకతో రోజూ నన్ను కట్ట ఎక్కిస్తోంది. నిన్న తాడూ గిన్నే కూడా పట్టుకెళ్ళాం.

“మామయ్యా, ఆ గొట్టంలో ఏముంది?”

“మీ ఆయన తెలివి. అందుకే అంత లోతుగా ఉంటుంది.”

నా వీపు మీద ఒకటిచ్చి తాడు లాక్కుంది. మన పెరటికి సరిగ్గా ఎగువనున్నది ఏడో గొట్టం. దాన్లోకి గిన్నె వదిలింది. నేను బీడీ వెలిగించుకుంటున్నాను, తొమ్మిది మీటర్లు దిగడానికి టైం పడుతుంది కదా అని. అగ్గిపుల్ల గీసేలోపు ‘బుళుక్’మంది.

“అబ్బ! ఎంత తొందరగా పలికిందో!” అని చప్పట్లు కొట్టింది.

తాడు ముడిపడిందేమో అనుకున్నాను. విప్పి మళ్ళీ వేశాను. రెండున్నర మీటర్లు. ఆరోది మూడు. ఎనిమిదోది మూడుకి తక్కువే. చివర గొట్టాలు రెండూ ఎనిమిది దగ్గరున్నాయి, నడుమంతా పైకొచ్చేసింది. అక్కా, ఎప్పటినుంచి వస్తున్నాయో నాకు తెలియదు. తెలియాల్సినవాణ్ణి నేనే. ఆరేళ్ళలో ఒక్కరోజు కొలిచి ఉన్నా తెలిసేది.

పిచ్చుకకి ఏమీ చెప్పలేదు. కడుపుతో ఉన్న పిల్ల. “ఇవాళ గొట్టం మంచి హుషారుగా ఉంది” అన్నాను.

ఇంకో సంగతి. తవ్వి పదకొండేళ్ళయినా చుక్క పడని మన బావిలో నీళ్ళు పడ్డాయి. తాగడానికి పనికిరావు, పలకముక్క నాకినట్టుంటాయి. అయినా వీధి వీధంతా పండగ చేసుకుంటోంది. తాగేనీళ్ళ ట్యాంకరు వారానికొక్కసారి వచ్చే చోట, వానచినుకు పడితే జనం బయటికొచ్చి చూసే చోట, కట్ట కిందంతా పచ్చగడ్డి మొలిచింది. అందరూ ఆ గడ్డిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు దాని మీద కాలు పెట్టబుద్ధి కావడంలేదు.

నాకు పని నేర్పిన ముసలి కాపలాదారు ఒక మాట చెప్పేవాడు. “తేటగా ఊరినంతకాలం అది కట్టకి పట్టిన చెమటరా, భయం లేదు. బూడిద కలిసి కారిందా, అది చెమట కాదు, నెత్తురు.” ఇప్పటికి తేటగానే ఉంది. అయినా పిచ్చుకని కొన్నాళ్ళు నీ దగ్గరికి పిలిపించుకో. ఏదో ఒక వంక చెప్పు.

తమ్ముడు


మార్చి 10

తమ్ముడికి,

నీ ఉత్తరమూ పిచ్చుక ఉత్తరమూ ఒకేరోజు వచ్చాయి. మొదట దానిది చదివాను. “అమ్మా, మన బావిలో నీళ్ళు! నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో. పెరట్లో తడి ఆరడంలేదు, వంగనారు నాటాను, ఎనిమిది రోజులకే జానెడు లేచింది” అని రాసింది. చదివి మా గదిలో ఆడవాళ్ళందరికీ చెప్పాను. ఆ బావి తవ్వడానికి మీ బావ రెండు వేసవులు రాళ్ళు కొట్టాడు. నీళ్ళు చూడకుండానే పోయాడు.

తరవాత నీది చదివాను.

పోయినసారి దయ్యం, ఈసారి నీళ్ళు. లోకమంతా నీళ్ళు లేవని ఏడుస్తుంటే నువ్వు నీళ్ళున్నాయని ఏడుస్తున్నావు. ఇన్నాళ్ళూ పెరట్లో తుమ్మముల్లు కూడా మొలవని ఇంటికి నువ్వే దిక్కు. ఇప్పుడు కాస్త పచ్చబడేసరికి వాళ్ళు వెళ్ళిపోవాలా? కుర్చీ కనబడటంలేదని నువ్వే రాశావు. ఆ ఒక్క ముక్కలో నీ బాధంతా తెలిసింది.

దాన్ని పిలిపించుకోమన్నావు. ఎక్కడికి? ఇక్కడ ఒక్క గదిలో నలుగురం. మంచాలు రెండు. పగటి డ్యూటీ వాళ్ళు లేచాక రాత్రి డ్యూటీ వాళ్ళం పడుకుంటాం. కడుపుతో ఉన్న పిల్లని ఆసుపత్రి మురికిగుడ్డల మధ్య పెట్టుకోనా? అల్లుడికి ఉద్యోగమొచ్చి నెల కాలేదు.

నువ్వే కదా రాశావు, అబద్ధానికీ పనితనం ఉంటుందని. ఈ ఉత్తరంలో ఆ పనితనం బాగానే కనబడింది. ముసలి కాపలాదారు మాట మరీ బాగుంది. నువ్వే కట్టావా?

ఏప్రిల్‌లో సెలవు పెట్టి వస్తాను. అంతవరకూ నోరు కట్టుకుని ఉండు.

అక్క


మార్చి 19

అక్కకి,

ఆ మాట నేను కట్టింది కాదు. నాకు అంత బరువైన మాటలు రావని నీకు తెలుసు.

మొన్న ఇస్త్రీ దొర దగ్గరికెళ్ళాను. వెల్డింగు కళ్ళజోడు పెట్టుకోకుండా వెళ్ళాను, అంటే ఎంత బుద్ధిగా వెళ్ళానో చూసుకో. పదిహేను రోజుల నిజం కొలతలు కాగితం మీద రాసి ముందు పెట్టాను. ఆయన చదివి, బీరువాలోంచి ఆరేళ్ళ రిజిస్టర్లు దింపించాడు. ఒక్కో పేజీ తిప్పి వేలు పెట్టి చూపించాడు.

“తొమ్మిది. తొమ్మిదింబావు. తొమ్మిది. ఆరేళ్ళు గీత గీసినట్టుంది. ఒక్క నెలలో ఆరున్నర మీటర్లు ఎలా పైకొస్తాయయ్యా? నీ తాడు సాగిందా, నీ బుర్ర సాగిందా?”

“సార్, ఆ గీత నేనే గీశాను.”

“అంటే?”

“కొలవలేదు సార్. పంపుషెడ్డులో కూర్చుని రాశాను. ఆరేళ్ళూ. ఈ పదిహేను రోజులే నిజం.”

అరుస్తాడనుకున్నాను, తలుపు మూశాడు. అరిచి ఉంటే బాగుండేది. తరవాత మెల్లగా, పాఠం చెప్పినట్టు చెప్పాడు.

“ప్రతి పేజీ కింద ఎవరి సంతకం ఉంది?”

“మీదే సార్.”

“స్వయంగా చూసి సరిపోల్చాను అని ఉంది కదా పైన? ఆ పేజీలు చూపించే కట్ట ఎత్తు పెంచడానికి అనుమతి తెచ్చాం. అవి చూపించే ఏప్రిల్ తొమ్మిదిన కొత్త యూనిట్టు మొదలుపెడుతున్నాం. కాబట్టి ఆ పేజీలు నిజం. ఈ కాగితమే అబద్ధం. నువ్వు తాగి ఉన్నావు. ఇంటికెళ్ళి పడుకో.”

నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడతలు కూడా ఇస్త్రీ చేసినట్టే ఉన్నాయక్కా.

తాడూ గిన్నే లాగేసుకున్నారు. నా బదులు ఒక పొడుగాటి మనిషిని పెట్టారు. నిన్న పంపుషెడ్డు ముందునుంచి వెళ్తుంటే కనబడ్డాడు. నా స్టూలు మీదే కూర్చుని, నా పెన్నుతోనే రాసుకుంటున్నాడు. తాడు మేకుకి వేలాడుతోంది, పొడిగా. నన్ను నేనే అద్దంలో చూసుకున్నట్టుంది.

నవ్వులాటలో మొదలైన అబద్ధం అక్కా. ఇప్పుడు అది దొరగారింట్లో పెంపుడుకుక్క అయిపోయింది, నన్నే కరుస్తోంది.

కొత్త యూనిట్టు మొదలైతే చెరువులోకి వచ్చే బూడిదనీళ్ళు రెట్టింపవుతాయి. ఇవాళ పొద్దున కట్ట కింద గడ్డిలో దోసిలి పట్టి చూశాను. నీళ్ళు తేటగా లేవు. దోసిట్లో అడుగున బూడిద నిలిచింది. ముసలాయన మాట నేను కట్టి ఉంటే ఎంత బాగుండేది.

పిచ్చుకని తీసుకెళ్ళు. నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను ఇంట్లో ఉండటం నీకిష్టం లేకపోతే నేను వెళ్ళిపోతాను, అది కూడా వెళ్ళాలి. వీధంతా ఖాళీ కావాలి.

తమ్ముడు


మార్చి 27

అల్లుడు ఉత్తరం రాశాడు. మాటలు కొలిచి మాట్లాడతాడన్నావు, ఉత్తరం కూడా అలాగే రాశాడు. “అత్తయ్యగారూ, దొంగ కొలతలు రాస్తున్నందుకు మామయ్యగారిని పనిలోంచి తీశారు. ఆ కోపంతో కట్ట తెగిపోతుందని ఊరంతా చెబుతున్నారు. నన్ను చూసి కూడా బెల్టు దగ్గర అందరూ నవ్వుతున్నారు. మీ అమ్మాయి ఏడుస్తోంది.” అంతే.

నాకు రాసిన కథలో నువ్వే వెళ్ళి దొర ముందు ఒప్పుకున్నావు. అక్కడేమో పట్టుబడి ఉద్యోగం పోగొట్టుకున్నావు. ఉద్యోగం పోయిందని చెప్పుకోలేక కట్టని కూలగొడుతున్నావు. చిన్నప్పుడు పలక పగలగొట్టి బడి కూలిపోయిందని ఇంటికొచ్చావు, గుర్తుందా? అప్పుడు నాన్న నవ్వాడు. ఇప్పుడు నవ్వడానికి ఎవరూ లేరు.

పిచ్చుకకి రాశాను, మామయ్య మాటలు చెవిన పెట్టుకోవద్దని, ఇల్లు కదలొద్దని. ఏప్రిల్ పన్నెండున వస్తున్నాను. నేను వచ్చేసరికి ముందుగది ఖాళీగా ఉండాలి.

అక్క


ఏప్రిల్ 6

అక్కకి,

ముందుగది ఖాళీ చేశాను. పైన మిట్ట మీది బడి పక్కన పాత సైకిలు షెడ్డులో ఉంటున్నాను. కుర్చీ నీ కూతురికే వదిలేశాను, కాళ్ళు వాస్తున్నాయి దానికి.

పలక సంగతి నిజమే. బడి కూలలేదు. కానీ ఒకటి గమనించావా? ఆ రోజు నేను “పలక పగిలింది” అని నిజం చెప్పి ఉంటే నాన్న కొట్టేవాడు. నా జన్మలో నిజం చెబితే పని జరిగిన రోజు ఒక్కటీ లేదు. ఈ నెల రోజులూ ఇంటింటికీ తిరిగి నిజమే చెప్పాను. మొక్కాను. పెరట్లో నీళ్ళు చూపించాను. “కోతలరాయుడు కొత్త కోత కోస్తున్నాడ్రా” అని నవ్వారు. ఒకామె పాపం మజ్జిగిచ్చి, “ఎండలో తిరగకు, ఉద్యోగం మళ్ళీ ఇస్తార్లే” అని ఓదార్చింది.

నిన్న మన బావి చూశాను. చేద అక్కర్లేదు. గట్టు మీంచి వంగితే చెయ్యి తగులుతోంది.

అందుకని నాకు చేతనైన పనే చేస్తున్నాను. ఎల్లుండి వీధంతా ఒక వార్త పాకుతుంది. తొమ్మిదో తారీఖు పొద్దున, కొత్త యూనిట్టు ప్రారంభం సందర్భంగా, పైన బడి మైదానానికి మూడు ట్యాంకర్ల మంచినీళ్ళు వస్తాయి. మనిషికి రెండు బిందెలు. ఎవరి బిందెకి వాళ్ళే రావాలి, పిల్లలకీ ఇస్తారు. కడుపుతో ఉన్నవాళ్ళకి అందరికంటే ముందు. నేను చెప్పను. నేను చెబితే వినరు. బడి గుమాస్తా చెవిలో, “ఎవరికీ చెప్పొద్దు” అని వేస్తాను. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

కొత్త యూనిట్టు పది గంటలకి మొదలుపెడతారు. పది నుంచి సాయంత్రం దాకా వీధి ఖాళీగా ఉంటే చాలు. ఆపైన కట్టే మాట్లాడుతుంది.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ట్యాంకరు అబద్ధమని పిచ్చుకకి తెలియనివ్వకు. పన్నెండున వస్తే బస్సు పై మలుపులో దిగు. కిందికి రాకు. నేను ఆట పట్టించడంలేదు. ఇది రాయడం కూడా దండగే, నువ్వు ఇదే ఆటంటావు.

తమ్ముడు


ఏప్రిల్ 12, మధ్యాహ్నం

తమ్ముడా,

నిన్ను చూడనివ్వలేదు. చీటీ ఇస్తే లోపలికి పంపుతానన్నాడు జమేదారు. పైన బడి దగ్గరి ఠాణా అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

నీ ఉత్తరం నేను బయల్దేరే ముందు అందింది. సగం చదివి మడిచి సంచిలో పడేశాను. బస్సు కింద మలుపులోనే దిగాను. వీధిలోకి రాగానే చెప్పారు అందరూ, ఒకరి మాట మీద ఒకరు. పొద్దున ఎనిమిదింటినుంచి ఎండలో బిందెలతో నిలబడ్డారట. ఒంటిగంట దాకా ట్యాంకరు రాలేదు. కొత్త యూనిట్టు కూత వేసింది, పొగ వచ్చింది, కట్ట కట్టలాగే ఉంది. గుమాస్తా నీ పేరు చెప్పేశాడు. ఖాళీ బిందెలతోనే కొట్టారట నిన్ను. పుకారు పుట్టించావని కేసు పెట్టారట. నేను తల దించుకుని ఇంట్లోకి వెళ్ళాను.

పిచ్చుక బాగానే ఉంది. కాళ్ళు వాచాయి. వంగమొక్కలు నడుమెత్తు ఉన్నాయి. వెనకగది గోడ అడుగున తడి. “చల్లగా ఉంటుందమ్మా” అంది.

మొహం కడుక్కుందామని బావి దగ్గరికి వెళ్ళాను. చేత్తోనే ముంచాను. నీళ్ళు బూడిదరంగు. పాతనీళ్ళు, కదిలాయేమో అనుకున్నాను. నా తెల్ల తువ్వాలు తీసి ముంచి పిండాను. జాడించాను. మూడుసార్లు. నాకు తెలిసిన విద్య అదొక్కటే కదా. జాడించేకొద్దీ నీళ్ళు తేరాలి. తేరలేదు. రెండోసారి కంటే మూడోసారి చిక్కగా వచ్చింది. అంటే మురికి బావిలో లేదు, ఎక్కణ్ణుంచో వస్తూ ఉంది. ఆగకుండా. తువ్వాలు పిండితే నా అరచేతిలో బూడిద ముద్దగా నిలిచింది.

నీ ఉత్తరం మిగతా సగం అక్కడే, బావి గట్టు మీదే చదివాను.

తమ్ముడా, నేను ఎప్పుడూ అబద్ధమాడలేదు. ఇవాళ ఆడాను. గుండెల్లో నొప్పిగా ఉంది, పైనున్న డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని పిచ్చుక భుజం పట్టుకున్నాను. అది భయపడి చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. ఇప్పుడు బడి వరండాలో ఉంది. అల్లుడు బెల్టు దగ్గర డ్యూటీలో ఉన్నాడు, ఆ వైపు ఎత్తే.

కానీ వీధి ఉంది. నలభై ఇళ్ళు. దాన్ని అక్కడ దింపి వెనక్కెళ్ళి ప్రతి గుమ్మంలో చెప్పాను. తువ్వాలు చూపించాను. “తమ్ముడికి తగ్గ అక్క” అన్నారు. మజ్జిగిచ్చిందని రాశావే, ఆవిడే అంది. ఇంజనీరు ఆఫీసుకి వెళితే లోపలికి రానివ్వలేదు. నీ బదులు పెట్టిన పొడుగాటి మనిషి గేటు దగ్గర కనబడ్డాడు. రిజిస్టరులో తొమ్మిదింబావే ఉందమ్మా అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి, నా మొహం చూడకుండా, “మీరు మాత్రం పైనే ఉండండి” అన్నాడు.

నిజం పనిచెయ్యడంలేదు. నాకున్న ఒక్క అబద్ధం అయిపోయింది. నీ దగ్గర ఇంకోటి ఉంటే ఇవ్వు. మంచిది, వీధి మొత్తానికి సరిపోయేది. జమేదారు చీటీ కోసం నిలబడి ఉన్నాడు. తొందరగా రాయి.

నిన్ను గది ఖాళీ చెయ్యమన్నాను. ఆ మాట తరవాత మాట్లాడుకుందాం.

అక్క


(అదే కాగితం వెనక, పెన్సిలుతో)

అక్కా,

నేను చచ్చానని చెప్పు.

నేరుగా వీధిలోకి వెళ్ళు. జుట్టు విప్పుకో. ఠాణాలో నా తమ్ముడు పోయాడని కేకలు పెట్టు. ఒక్కడు కూడా నమ్మడు. కోతలరాయుడు కొత్త నాటకం ఆడుతున్నాడంటారు. అందుకే అందరూ వస్తారు, కళ్ళారా చూసి నవ్వడానికి. నీళ్ళకోసం రానివాళ్ళు కూడా దీనికొస్తారు. ముసలివాళ్ళని భుజాన వేసుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని మరీ వస్తారు. వాళ్ళలో నేను ఎప్పుడో ఒకప్పుడు ఆట పట్టించనివాడు లేడు.

పైకి వచ్చాక పెద్ద ఆఫీసరు వచ్చేదాకా శవాన్ని చూపించరని చెప్పు. జమేదారుతో మాట్లాడాను. మొదట నవ్వాడు. తరవాత వాళ్ళ అత్తగారిల్లు మన వీధిలోనే అని గుర్తొచ్చింది.

ఈ ఠాణా గది కిటికీలోంచి కట్ట కనబడుతుంది. ఏడో గొట్టం కింద పొద్దున చేటంత ఉన్న తడిమచ్చ, నీ చీటీ చదవడం మొదలుపెట్టేసరికి తలుపంత ఉంది. ఇది రాసేసరికి ఇల్లంత అయింది.

నీకు ఏడవడం చేతకాదు, నేనెప్పుడూ చూడలేదు. ఆ తువ్వాలు గుర్తుతెచ్చుకో. ఏడుస్తూనే పరుగెత్తు.